మేపుల్ చెట్టు, మన కుసుమ చెట్టు: అపోహలు - వాస్తవాలు

ఫాల్గుణం వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫోటోలు వస్తాయి. మహేంద్రగిరి ఎక్కే దారిలోనో, గుణుపురం వైపు కొండవాలు మీదో కుంకుమ ఆరబోసినట్టు ఒక చెట్టు. కింద "సార్, మన దగ్గర కూడా మేపుల్ ఉంది!" అని రాసి ఉంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతూ, సెలవు దొరికితే ఈ కొండల్లో చెట్ల లెక్క రాసుకునేవాణ్ణి. మేపుల్ అంటే చలిదేశాల్లో ఆకు రాలే ముందు ఎర్రబడే చెట్టు. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఇక్కడే చెబుతాను.

అపోహ: ఆ ఎర్రచెట్టు మేపులే.

కాదు. అది కుసుమ. ఒడియావాళ్ళదీ అదే పేరు. దీని మీద పెంచిన లక్కకి మంచి గిరాకీ. మన తూర్పు కనుమల్లో మేపుల్ సహజంగా పెరగదు. మన దేశంలో దాన్ని చూడాలంటే హిమాలయాలకో, ఈశాన్య కొండలకో వెళ్ళాలి.

గుర్తుపట్టడానికి ఆకు రంగు చూడకండి, రెమ్మని చేతిలోకి తీసుకోండి. మేపుల్‌కి ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా పుడతాయి. కుసుమకి కణుపుకి ఒక్క ఆకే. ఆ ఒక్క ఈనె మీదే రెండు మూడు జతల చిన్నాకులు ఉంటాయి. మొన్న శిబిరంలో ఒక అమ్మాయి రెమ్మని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇది ఒకటే ఆకా సార్, ఆరు అనుకున్నాను" అంది. ఆ తర్వాత రోజంతా తనే మిగతావాళ్ళకి చూపించింది.

కాశ్మీర్ చినార్ కూడా మేపుల్ కాదు. ఆకు పోలిక ఉంది, అంతే. దాని ఆకులు కణుపుకొకటి చొప్పున వస్తాయి, కుటుంబమూ వేరు.

అపోహ: ఆకు చచ్చిపోతోంది కాబట్టి ఎర్రబడుతుంది.

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కాస్త ఓపిగ్గా చదవండి. శరదృతువులో మేపుల్ ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది. పసుపు రంగు ముందునుంచీ లోపల ఉన్నదే, పచ్చ తొలగితే బయటపడుతుంది. ఎరుపు అలా కాదు. రాలబోయే ముందు చెట్టు ఆంథోసయనిన్ అనే రంగుని కొత్తగా తయారుచేస్తుంది. నాలుగు రోజుల్లో నేలపాలయ్యే ఆకు మీద ఇంత ఖర్చు ఎందుకు? రాలకముందే ఆకులోని నత్రజనిని చెట్టు వెనక్కి లాక్కుంటుంది. ఆ పని సాగుతుండగా చలిలో ఎండ తగిలితే ఆకు దెబ్బతింటుంది, ఈ రంగు గొడుగులా అడ్డుపడుతుంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. ఎరుపు అనేది ఆకు రసం పీల్చే పేనుబంకకి చెట్టు చేసే హెచ్చరిక అని విలియం హామిల్టన్, శామ్యూల్ బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 2001లో ఇంకో వాదన తెచ్చారు. చర్చ ఇంకా నడుస్తోంది.

మన కుసుమలోనూ ఎరుపు ఇదే జాతి రంగు. కాకపోతే మేపుల్ ఆకు పోతూ ఎర్రబడుతుంది, కుసుమ ఆకు పుడుతూనే ఎర్రగా పుట్టి, ముదిరే కొద్దీ పచ్చబడుతుంది.

అపోహ: మేపుల్ సిరప్ అంటే జీలుగు కల్లు లాంటిదే, గాటు పెడితే తియ్యటి నీరు కారుతుంది.

జీలుగు గీసేది పూగెల కాడని. ఆకులు చేసిన చక్కెర పువ్వుకి వెళ్తుంటే మధ్యలో పట్టుకుంటాం. మేపుల్‌ది కాండం చెక్కలోంచి వచ్చే నీరు, అదీ చెట్టుకి ఒక్క ఆకూ లేని రోజుల్లో. వేసవిలో దాచుకున్న పిండిపదార్థం చలికి చక్కెరగా మారుతుంది. రాత్రి గడ్డకట్టినప్పుడు చెక్కలోని గాలి నిండిన కణాల్లో మంచు పేరుకుని, లోపలి గాలి నొక్కుకుపోతుంది, చెట్టు కింది నుంచి నీరు పీలుస్తుంది. పగలు మంచు కరిగితే ఆ గాలి విప్పారి రసాన్ని బయటికి నెడుతుంది. రాత్రి సున్నాకి కింద, పగలు సున్నాకి పైన ఉంటేనే ఇది జరుగుతుంది. పర్లాకిమిడిలో మేపుల్ బతికినా సిరప్ రాదు.

పైగా ఆ రసంలో చక్కెర దాదాపు 2 శాతమే. సుమారు 40 లీటర్లు మరిగిస్తే 1 లీటరు సిరప్. ఇలా తీస్తే చెట్టు చచ్చిపోతుందా అని కూడా అడుగుతారు. కాండం 25, 30 సెంటీమీటర్ల లావయ్యాకే తొలుస్తారు. చెట్టు ఆ గాయం చుట్టూ గోడ కట్టేసుకుంటుంది, అక్కడి చెక్క మళ్ళీ రసం మోయదు, అందుకే ఏటా చోటు మారుస్తారు. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసమే 1946 నుంచి ఒక పరిశోధన కేంద్రం ఉంది.

అపోహ: ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించి కుండీలో పెంచొచ్చు.

నేనూ తెప్పించాను. ప్యాకెట్‌లో వచ్చినవి మేపుల్ గింజలే కావు. మేపుల్ కాయకి తూనీగ రెక్కల్లాంటి జత రెక్కలుంటాయి, విడిపోయి గింజ గిర్రున తిరుగుతూ దిగుతుంది. అసలైనవే దొరికినా, సిరప్‌కి పేరుపడ్డ షుగర్ మేపుల్ రకం గింజకి వారాల తరబడి తడి, మంచుకి దగ్గరి చలి కావాలి. డబ్బు వృథా చేసుకోకండి.

అపోహ: చెట్టు పైనుంచి ఎండుతోందంటే పురుగే.

పురుగు కంటికి కనిపిస్తుంది, నేల కనిపించదు. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో ఆమ్ల వర్షాలు మట్టిలోని కాల్షియాన్ని కడిగేశాయి. 1999లో పరిశోధకులు దాదాపు 12 హెక్టార్ల వాలు మీద హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లారు. తర్వాతి ఏళ్ళలో అక్కడి షుగర్ మేపుళ్ళ కొమ్మలు తేరుకున్నాయి, మొలకలు పెరిగాయి. ఎండుతున్న చెట్టుకి మందు కొట్టేముందు మట్టి పరీక్ష చేయించమని నేను చెప్పేది అందుకే.

అపోహ: మేపుల్‌కీ మనకీ ఏ సంబంధమూ లేదు.

ఒకప్పుడు మేపుల్‌ది వేరే కుటుంబం అనేవారు. ఇప్పుడు కుంకుడు కుటుంబంలో కలిపారు. కుంకుడు, కుసుమ, లిచీ, మేపుల్ అన్నీ దాయాదులే. యూరప్‌లో కొన్ని మేపుల్ గింజలు, మొలకలు తిని గుర్రాలు చనిపోతాయి. కారణం హైపోగ్లైసిన్ ఎ అనే విషపదార్థం. 2014లో బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో లిచీల కాలంలో జబ్బుపడిన పిల్లల మీద జరిపిన అధ్యయనం 2017లో వచ్చింది. అక్కడి లిచీల్లోనూ ఇదే పదార్థం బయటపడింది, రాత్రి తినకుండా పడుకున్న పిల్లలకి ముప్పు ఎక్కువని తేలింది. బరంపురం నుంచి లిచీలు తెచ్చిన రోజు మా ఇంట్లో పిల్లల్ని అన్నం తినకుండా పడుకోనివ్వను.