సువార్త వినని సజ్జనుల సంగతి

క్రైస్తవేతర మతాల్లోని మంచివాళ్లకు రక్షణ, అంటే పాపవిముక్తి, పరలోకం, ఉందా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. దానిపై వాదించే ఇరుపక్షాలకూ ఆధారం బైబిల్లోని అపొస్తలుల కార్యముల గ్రంథంలోనే దొరుకుతుంది. 4వ అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురు, యేసు నామం తప్ప రక్షణకు మరో నామం లేదంటాడు. 10వ అధ్యాయంలో ఆ పేతురే రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట నిలబడి, ఏ జనంలోనైనా దేవునికి భయపడి నీతిగా నడిచేవాణ్ణి ఆయన అంగీకరిస్తాడంటాడు. ఈ మాటను ఉదహరించేవారు చాలామంది అక్కడితో ఆగిపోతారు. కథ మాత్రం కొర్నేలీ సువార్త విని బాప్తిస్మం పొందేవరకు సాగుతుంది.

రెండో శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త జస్టిన్ మార్టిర్ తలుపు బాగానే తెరిచాడు. దైవవాక్కు మానవులందరిలోనూ ఉందనీ, దాని ప్రకారం జీవించిన సోక్రటీసు వంటివారు క్రైస్తవులేననీ రాశాడు.

తలుపు మూసింది మూడో శతాబ్దపు కార్తేజి బిషప్ సిప్రియన్ అంటారు. ‘సంఘానికి (అంటే క్రైస్తవ సంఘానికి) వెలుపల రక్షణ లేదు’ అన్న మాట ఆయనదే. అయితే ఆయన మాట్లాడింది అన్యమతస్థుల గురించి కాదు. సంఘం నుంచి చీలిపోయినవారు ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా అన్న తగాదాలో అన్నాడు. లోపలివాళ్లకు చేసిన ఆ హెచ్చరిక కాలక్రమేణా బయటివాళ్లపై తీర్పుగా మారింది. 1442లో కాథలిక్ సంఘపు ఫ్లోరెన్స్ మహాసభ అన్యులు, యూదులు, మతభేదులు, సంఘం నుంచి చీలినవారు చనిపోయేలోగా సంఘంలో చేరకపోతే నిత్యాగ్నికే పోతారని ప్రకటించింది.

ఇలాంటి తీర్పు ఫ్లోరెన్స్ సభకు ముందే కొందరిని కలవరపెట్టింది. 14వ శతాబ్దంలో ఇటలీ కవి డాంటే తన కావ్యంలో ఈ సందేహాన్ని సూటిగానే లేవనెత్తాడు: సింధు నది ఒడ్డున పుట్టి, క్రీస్తు మాటే చెవిన పడకుండా, ఏ పాపమూ ఎరుగక మరణించినవాడి తప్పేమిటి? దైవన్యాయాన్ని కొలవడానికి నువ్వెవరన్న మందలింపే అక్కడ ముందుగా జవాబు. నాకైతే ఆ జవాబు కంటే ప్రశ్నే బలంగా కనిపిస్తుంది.

ఫ్లోరెన్స్ ప్రకటన వెలువడిన 50 ఏళ్లకే కొలంబస్ అమెరికా తీరం చేరాడు. సువార్త లోకమంతా వ్యాపించింది, నమ్మనివారు కావాలనే నమ్మడం లేదన్న భావనకు అక్కడితో కాళ్లు విరిగాయి. పదిహేను వందల ఏళ్లపాటు ఆ పేరే వినని జనం కళ్లెదుట ఉన్నారు. తమ దోషం లేకుండానే కలిగిన అజ్ఞానం అన్న వాదనకు అప్పుడు బలం చేకూరింది. 1863లో తొమ్మిదో పయస్ పోపు దాన్ని అధికారికంగా చెప్పాడు. 1964లో రెండో వాటికన్ మహాసభ మరింత స్పష్టం చేసింది: తమ దోషం లేకుండా సువార్తను ఎరుగనివారు, దేవుణ్ణి మనస్ఫూర్తిగా వెదకి, కృపాప్రేరణతో మనస్సాక్షి ప్రకారం నడుచుకుంటే రక్షణ పొందవచ్చు.

ప్రొటెస్టెంట్లలోనూ చీలిక మొదటినుంచీ ఉంది. 1531లో స్విట్జర్లాండ్ మతసంస్కర్త జ్వింగ్లీ పరలోకవాసుల్లో సోక్రటీసుతో పాటు హెర్క్యులిస్‌నూ చేర్చాడు. అది చూసి జర్మనీ సంస్కర్త లూథర్ మండిపడ్డాడు. 17వ శతాబ్దపు వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన, ఎంత శ్రద్ధగా సహజజ్ఞానాన్నీ తమ మతాన్నీ అనుసరించినా క్రైస్తవేతరులకు రక్షణ లేదంది. దాని వెనుక కాఠిన్యం ఒక్కటే లేదు. మంచితనం వల్ల క్రైస్తవుడికైనా రక్షణ రాదు, కృప వల్లనే వస్తుందన్నది వారి మూలసూత్రం. అందుకే ‘మంచివాళ్ల సంగతేమిటి’ అని అడిగేవారికీ వీరికీ మాట కలవదు.

ఇప్పుడు పేచీ వ్యక్తుల నుంచి మతాల మీదికి మళ్లింది. హిందువో ముస్లిమో రక్షణ పొందితే, అది తన మతం ద్వారానా, తన మతంలో ఉన్నప్పటికీనా? భారతదేశంలో దశాబ్దాలపాటు బోధించిన జెస్యూట్ అనే కాథలిక్ గురువుల సమాజానికి చెందిన పండితుడు జాక్ డ్యుపూయి 1997లో మొదటి వైపు మొగ్గుతూ రాస్తే, వాటికన్ విచారణ జరిపింది. ఇతర మతాల్లోని సత్యం, మంచి ద్వారా కూడా పరిశుద్ధాత్మ పనిచేస్తాడనవచ్చు గానీ, ఆ మతాలను రక్షణ మార్గాలనడానికి ఆధారం లేదని 2001లో తేల్చింది.