కృష్ణలో పడవ, చేతిలో రివాల్వర్

గుంటూరు నుండి ఒక పాఠకుడు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. కాగితపు లక్ష్యాన్ని కొట్టడానికి .22 రివాల్వర్ సరిపోతుంది గదా, చేతిని దాదాపు కదిలించని ఆ చిన్న తుపాకీని వదిలి, అనుభవజ్ఞులైన షూటర్లు .32, .38, .45 వంటి పెద్ద బోరు (గొట్టపు లోపలి వ్యాసం, ఈ అంకెలు అంగుళాల్లో) రివాల్వర్ల మీద మక్కువ ఎందుకు చూపుతారు, అది వట్టి దర్పమా లేక అందులో విజ్ఞానం ఏమైనా ఉందా అని ఆయన సందేహం. నేను కూడా చాలాకాలం అది దర్పమే అనుకున్నాను. సిలిండర్ ఎలా తిరుగుతుంది, ట్రిగ్గర్ నొక్కితే సుత్తి ఎలా పడుతుంది అన్న సంగతులు సినిమాలు చూసేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలను సరిచూసి మరమ్మతు చేసేవారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మిత్రుడొకరు విజయవాడలో మా వీధిలోనే ఉంటారు. ఈ ప్రశ్న ఆయన ముందు పెట్టినప్పుడు ఆయన సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్లి, పాతబడి పసుపెక్కిన రెండు లక్ష్యపు కాగితాలు తెచ్చి వరండాలోని బల్ల మీద పరిచారు. “మాస్టారూ, ముందు కన్నం అంచును వేలితో తడిమి చూడండి” అన్నారు. మొదటి కాగితం మీద .22 గుండు చేసిన రంధ్రాలు ఉన్నాయి. గుండు ముక్కు గుండ్రంగా ఉండడం వల్ల కాగితం తెగే ముందు సాగి, గుండు దాటిపోయాక మళ్లీ ముడుచుకున్నది. అందుచేత రంధ్రం గుండు కన్నా చిన్నదిగా, చుట్టూ బూడిదరంగు సీసపు మరకతో, వెనుకవైపు చిరిగిన పీచుతో కనిపించింది. రెండో కాగితం మీద .38 వ్యాడ్‌కట్టర్ గుండ్ల రంధ్రాలు ఉన్నాయి. వ్యాడ్‌కట్టర్ అంటే ముక్కు అనేదే లేకుండా, ముందుభాగం బల్లపరుపుగా ఉండే సీసపు స్తంభం. అది కాగితాన్ని చింపదు, కత్తిరిస్తుంది. ఆఫీసు గుమాస్తా ఫైలులో పెట్టే కాగితానికి పంచ్ యంత్రంతో వేసిన చిల్లి ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ రంధ్రం అంత శుభ్రంగా ఉన్నది.

ఈ శుభ్రతకు మార్కుల విలువ ఉన్నది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 25 మీటర్ల ప్రిసిషన్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు, గుండు అంచు ఆ గీతను తాకినా పది పాయింట్లే. అంటే గుండు కేంద్రం 25 మిల్లీమీటర్ల లోపల పడనక్కరలేదు, గుండు వ్యాసార్ధమంత బయట పడినా చెల్లుతుంది. .22 గుండు వ్యాసం సుమారు 5.6 మిల్లీమీటర్లు కనుక దానికి అనుమతించే వ్యాసార్ధం 27.8, .38 గుండు వ్యాసం సుమారు 9.07 కనుక దానికి 29.5 మిల్లీమీటర్లు. వైశాల్యాలను పోల్చితే పెద్ద గుండుకు పది పాయింట్ల చోటు దాదాపు 13 శాతం ఎక్కువ. (.38 అంగుళం అంటే 9.65 మిల్లీమీటర్లు కావాలి గదా అని లెక్క వేసేవారికి ఒక మాట: ఆ పేరు పాతకాలపు తూటా గొట్టం బయటి కొలతను బట్టి వచ్చినది, గుండు కొలత నిజానికి .357 అంగుళమే.) చాలామంది షూటర్లు పెద్ద బోరుకు చెప్పే కారణం ఇదొక్కటే. నాకు ఇది చాలలేదు, ఎందుకంటే ఒకటిన్నర మిల్లీమీటరు లాభం కోసం ఇంతకు మూడు రెట్లు గట్టిగా వెనుకకు తన్నే తుపాకీని పట్టుకోవడం, అణా మిగులుతుందని రూపాయి ఖర్చుచేసి పక్క ఊరి సంతకు పోవడం వంటిది.

వెనుకకు తన్నడం గురించి ఇంటర్మీడియట్ చదివిన ప్రతివారూ ఒక లెక్క చేసే ఉంటారు. గుండు ద్రవ్యరాశి ఇంత, వేగం ఇంత, తుపాకీ ద్రవ్యరాశి ఇంత, అయితే తుపాకీ వెనుకకు కదిలే వేగం ఎంత? ద్రవ్యవేగ నిత్యత్వ నియమం రాసి, భాగహారం చేసి, రెండు మార్కులు తీసుకుంటారు. 1.1 కిలోల రివాల్వర్ తీసుకుంటే, 2.6 గ్రాముల .22 గుండు సెకనుకు 280 మీటర్ల వేగంతో వెళితే తుపాకీకి సెకనుకు 0.66 మీటరు, 9.6 గ్రాముల .38 వ్యాడ్‌కట్టర్ 220 మీటర్ల వేగంతో వెళితే 1.9 మీటర్లు, 16.5 గ్రాముల .45 గుండు 250 మీటర్ల వేగంతో వెళితే 3.75 మీటర్లు వస్తుంది. మా ఊరి కోచింగ్ తరగతుల్లో ఈ లెక్కను సంవత్సరానికి వేలమంది చేస్తారు. కాని గుండు గొట్టంలో ఉండగానే తుపాకీ ఎంత జరుగుతుంది అని అడిగిన విద్యార్థిని నేను చూడలేదు, అడగమని చెప్పిన అధ్యాపకుడినీ చూడలేదు. గురికి సంబంధించినంతవరకు అడగవలసిన ప్రశ్న అదొక్కటే, ఎందుకంటే గుండు గొట్టం దాటిన తరువాత తుపాకీ ఆకాశానికి ఎగిరినా ఆ గుండు దారి మారదు.

దీనికి జవాబు కృష్ణానదిలో దొరుకుతుంది. బ్యారేజీకి ఎగువన భవానీ ద్వీపం వైపు నిశ్చలంగా ఉన్న నీటిలో ఒక పడవ ఆగి ఉన్నదనుకోండి. పడవ బరువు 240 కిలోలు, అందులోని మనిషి బరువు 60 కిలోలు. అతడు వెనుక కొస నుండి ముందు కొస వరకు పడవ మీద 5 మీటర్లు నడిస్తే, నీటి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, పడవ 1 మీటరు వెనుకకు జరుగుతుంది. అతడు తాపీగా నడిచినా ఆ ఒక్క మీటరే, పరుగెత్తినా ఆ ఒక్క మీటరే. పరుగెత్తితే పడవ వేగంగా జరుగుతుంది, కాని అంత త్వరగానూ ప్రయాణం ముగుస్తుంది. పడవకూ మనిషికీ కలిపి ఉన్న ద్రవ్యరాశి కేంద్రం కదలకూడదు కనుక, పడవ జరిగే దూరాన్ని నిర్ణయించేవి రెండు బరువుల నిష్పత్తి, నడిచిన దూరం మాత్రమే.

ఇప్పుడు మనిషి స్థానంలో గుండును, పడవ స్థానంలో రివాల్వర్‌ను పెట్టండి. గుండు గొట్టంలో ప్రయాణించే 15 సెంటీమీటర్లను 9.6 గ్రాములతో గుణించి, 1,100 గ్రాములతో భాగిస్తే, గుండు బయటపడే క్షణానికి రివాల్వర్ వెనుకకు జరిగిన దూరం 1.3 మిల్లీమీటర్లు వస్తుంది. .22 అయితే అది 0.35 మిల్లీమీటరు. ఈ లెక్కలో వేగం ఎక్కడా లేదు. మందు ఎక్కువ దట్టించి గుండును రెండింతల వేగంతో పంపినా తుపాకీ ఆ 1.3 మిల్లీమీటర్లే జరుగుతుంది. తరువాత జరిగేదంతా, అంటే మనిషి పడవ ముందు కొస నుండి ఒడ్డుకు దూకేసిన తరువాత ఖాళీ పడవ వెనుకకు కొట్టుకుపోవడం, మన అరచేతికి తెలిసే తన్ను.

తుపాకీ నేరుగా వెనుకకు మాత్రమే జరిగితే గురికి ఏ ఇబ్బందీ లేదు. చిక్కు ఎక్కడంటే, గొట్టం మన మణికట్టుకు పైన ఉంటుంది కాబట్టి తుపాకీ వెనుకకు జరుగుతూనే పైకి తిరుగుతుంది. దీనికి పడవ చాలదు, పుట్టి కావాలి. గుండ్రటి పుట్టి అంచు వెంబడి ఒక మనిషి నడిస్తే పుట్టి ఎదురు దిశలో తిరుగుతుంది. ఎంత కోణం తిరుగుతుందన్నది మనిషి బరువు, నడిచిన దూరం, కేంద్రం నుండి అతని ఎడం, పుట్టి జడత్వ భ్రామకం (తిరగడానికి అది చూపే మొరాయింపు) నిర్ణయిస్తాయి. ఇక్కడ కూడా నడక వేగానికి పాత్ర లేదు. రివాల్వర్‌కు ఇదే సూత్రాన్ని రాస్తే, గుండు బయటపడే క్షణానికి గొట్టం పైకి లేచిన కోణం అంటే గొట్టం ఎత్తును గుండు ద్రవ్యరాశితోనూ గొట్టం పొడవుతోనూ గుణించి, చేతితో కలిపి తుపాకీకి ఉన్న జడత్వ భ్రామకంతో భాగించగా వచ్చేది. మణికట్టు నుండి గొట్టం ఎత్తు 6 సెంటీమీటర్లు, జడత్వ భ్రామకం 0.025 కిలోగ్రామ్-చదరపు మీటరు అని ఉజ్జాయింపుగా తీసుకుంటే .38 వ్యాడ్‌కట్టర్‌కు 0.0035 రేడియన్, అంటే 0.2 డిగ్రీ వస్తుంది. కంటికి ఆనని ఆ కోణం 25 మీటర్ల దూరంలో 8.6 సెంటీమీటర్లవుతుంది. .22కు అదే లెక్క 2.3 సెంటీమీటర్లు, .45కు దాదాపు 15 సెంటీమీటర్లు.

.45 అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్లే గుండు 25 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణ వల్ల 4.9 సెంటీమీటర్లు దిగుతుంది, గొట్టం ఎలాగూ చూపురేఖకు 2 సెంటీమీటర్లు కింద ఉంటుంది. ఆ రెండూ కలిపి గుండు ఎక్కవలసింది 6.9 సెంటీమీటర్లయితే, తుపాకీ తిరగడం వల్ల దానికి 15 సెంటీమీటర్లు దొరుకుతున్నాయి. కనుక ట్రిగ్గర్ నొక్కే వేళకు సైట్లు (గొట్టం మీద గురి చూసుకునే గుర్తులు) లక్ష్యాన్ని చూస్తుంటే, గొట్టం లక్ష్యానికి 8 సెంటీమీటర్ల దిగువకు చూస్తూ ఉండాలి. బరువైన గుండ్లు పేల్చే రివాల్వర్లలో ముందు సైటు ఎత్తుగా ఉండడానికి కారణం ఇదే. ఒకే రివాల్వర్‌లో తేలికైన వేగపు గుండు కన్నా బరువైన నెమ్మది గుండు లక్ష్యం మీద ఎత్తున తగలడం షూటర్లందరికీ అనుభవమే. “మెల్లగా పోయేది కిందకు గదా దిగాలి” అని తలపట్టుకునేవారికి పుట్టి లెక్కే సమాధానం.

మా ఆర్మరర్ మిత్రుడు ఇంకొక వింత చెప్పారు. ఒకే రివాల్వర్‌ను ఇద్దరు కానిస్టేబుళ్లు పేలిస్తే ఇద్దరి గుండ్లూ దగ్గరదగ్గరగానే పడతాయి గాని, ఒకరి గుంపు ఎత్తున, మరొకరి గుంపు కింద ఉంటుంది. గుండ్లు కింద పడినవాడు తుపాకీ తనకు అచ్చిరాలేదంటాడు, దసరా ఆయుధ పూజనాడు దానికి దిష్టి తీసి నిమ్మకాయ కోయిస్తాడు. అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి నీడలో ఉన్నవాళ్లం కనుక ఆయుధానికి మొక్కడం మీద నాకు అభ్యంతరం లేదు. కాని ఇక్కడ నిమ్మకాయ చేయగలిగింది లేదు. చేయి బరువు, మణికట్టు బిగువు, పిడిని ఎంత పైకి పట్టుకున్నారన్నది మారితే పుట్టి లెక్కలోని ఎత్తూ జడత్వ భ్రామకమూ రెండూ మారతాయి. అచ్చిరానిది ఆ పట్టే.

పెద్ద బోరు మీద మక్కువకు అసలు కీలకం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. పట్టు ప్రతిసారీ ఒకేలా ఉంటే తుపాకీ లేచే కోణం ప్రతిసారీ ఒకటే, దాన్ని సైట్లలో సర్దుకోవచ్చు. పట్టులో పదోవంతు తేడా వస్తే .22 గుండు 2 మిల్లీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది, .38 గుండు 8 లేదా 9 మిల్లీమీటర్లు జరుగుతుంది. పెద్ద రంధ్రం ఇచ్చే ఒకటిన్నర మిల్లీమీటరు లాభం దీని ముందు ఏపాటి? చిన్న బోరు మన తప్పును కప్పిపుచ్చుతుంది, పెద్ద బోరు దాన్ని నాలుగింతలు చేసి కాగితం మీద అచ్చువేస్తుంది. పోటీలో మార్కులు కావలసినవారు మొదటిదాన్నే ఎంచుకోవాలి. పట్టు కుదిరిందో లేదో తెలుసుకోవాలనుకునేవారు రెండోదాన్ని ఎంచుకుంటారు.

మిగిలిన కారణాలు చిన్నవి. .22 తూటాలో నిప్పురవ్వ పుట్టించే రసాయనం అడుగు అంచు లోపల పూసి ఉంటుంది, సుత్తి ఆ అంచునే నలగ్గొడుతుంది. పూత సమంగా లేని చోట దెబ్బ పడితే తూటా పేలకపోవచ్చు, నలిగిన తూటా గొట్టాన్ని మళ్లీ నింపడానికీ వీలుండదు. పెద్ద తూటాలలో ఆ రసాయనం అడుగు మధ్యన విడి బిళ్లలో ఉంటుంది, బిళ్ల మార్చి ఇత్తడి గొట్టాన్ని మళ్లీ వాడవచ్చు. వ్యాడ్‌కట్టర్ వేగం ధ్వని వేగంలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు, మే నెలలో 45 డిగ్రీల విజయవాడ గాలిలో ధ్వని సెకనుకు 358 మీటర్లు పోతుంది. కాబట్టి ధ్వని వేగం సమీపంలో గాలి పెట్టే ఇబ్బంది దానికి తగలదు. యాభై మీటర్లు దాటితే ఆ మొండి గుండు తడబడుతుందన్నది వేరే సంగతి, కాని లక్ష్యం ఉన్నది 25 మీటర్ల దగ్గరే.

మన దేశంలో ఈ ఎంపికకు చట్టం హద్దు గీసింది. .38, .455 రివాల్వర్లు నిషిద్ధ బోర్ల కిందికి వస్తాయి, సాధారణ లైసెన్సుకు .22, .32 దొరుకుతాయి. అంతర్జాతీయ సెంటర్ ఫైర్ (రసాయనపు బిళ్ల అడుగు మధ్యన ఉండే తూటాల) పిస్టల్ పోటీ 7.62 నుండి 9.65 మిల్లీమీటర్ల వరకు ఏ బోరునైనా అనుమతిస్తుంది కాబట్టి .32 ఆ హద్దులోనే ఉన్నది. 2006 దోహా ఆసియా క్రీడల్లో భారత షూటర్ జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసి స్వర్ణం గెలిచినది ఈ సెంటర్ ఫైర్ పోటీలోనే.

ఇంత లెక్క చేసి చూపించినప్పుడు మా మిత్రుడు ఒప్పుకున్నారు గాని, ఒక లోటు ఉన్నదని నన్ను మరుసటి ఆదివారం ఒక రేంజికి తీసుకువెళ్లారు. .32 రివాల్వర్‌తో ఒక యువకుడు సాధన చేస్తున్నాడు, వాని గుండ్లు పది పాయింట్ల వలయానికి నాలుగైదు సెంటీమీటర్ల కింద పడుతున్నాయి. నా లెక్క ప్రకారం గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతుకు కొంచెం ఎక్కువ, మనిషి నరాలు స్పందించడానికి దానికి నూరింతల కాలం పడుతుంది కనుక తన్ను గురిని చెడగొట్టలేదు. మా మిత్రుడు ఆ అబ్బాయిని అటు తిరగమని, ఆరు గదుల సిలిండర్‌లో నాలుగు నిండు తూటాల మధ్య రెండు ఖాళీ తూటా గొట్టాలు కలిపి, గిర్రున తిప్పి మూసి ఇచ్చారు. మొదటి రెండు గుండ్లు పేలాయి. మూడోసారి సుత్తి ఖాళీ గొట్టం మీద టక్కున పడింది, చప్పుడు లేదు, పొగ లేదు, తన్ను లేదు. అయినా రివాల్వర్ ముక్కు నేలవైపు రెండు వేళ్ల మేర ఒక్క ఊపున దిగి, మళ్లీ లేచింది.

“చూశారా మాస్టారూ” అన్నారు ఆయన నాతో నెమ్మదిగా, అబ్బాయి చెవులకు మఫ్లు ఉన్నా వినపడకూడదన్నట్టు, “మీ పుట్టిలో మనిషి ఇంకా అడుగు వేయనేలేదు, వీడు ముందే తెడ్డు వేస్తున్నాడు.”