కేజీఎఫ్ యంత్రాలు: తుక్కు కింద పోకముందే

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోని పాత గని యంత్రాలను పర్యాటకులకు చూపించాలన్న మాట గని మూతపడ్డప్పటి నుంచీ అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. ఆ యంత్రాల విలువ తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ ఇక్కడ తవ్వకాలకు దిగింది. 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించింది ప్రధానంగా ఈ గనుల కోసమే. దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది మరో మూడేళ్లకు.

చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. మనుషుల్ని అంత కిందికి దించి, మళ్లీ పైకి లాగేది వైండింగ్ యంత్రం. దాన్ని నడిపే మనిషికి కేజ్, అంటే మనుషులు ఎక్కే ఇనుప బోను, కంటికి కనిపించదు. గంట ఎన్నిసార్లు మోగింది, లోతు చూపే ముల్లు ఎక్కడుంది అన్నవే అతనికి ఆధారం. కేజ్‌లో ఉన్నవాళ్ల ప్రాణాలు అతని చేతిలో ఉండేవి. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళిత తమిళ కుటుంబాలు, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఆ కేజ్ ఎక్కే దిగారు. బండలు పగిలి మీదపడి కొందరు పోయారు, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఎందరో మంచాన పడ్డారు.

గనులు 1956లో ప్రభుత్వపరమయ్యాయి. 1972లో వాటిని నడిపే ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. ఖర్చుకు తగ్గ బంగారం రాక 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మన రామగిరి, చిగురుకుంట గనులు కూడా ఆ సంస్థవే, వాటికీ అప్పుడే తాళం పడింది. పంపులు ఆగడంతో కేజీఎఫ్ సొరంగాల్లోకి నీళ్లు చేరాయి.

జోహన్నెస్‌బర్గ్‌లో గోల్డ్ రీఫ్ సిటీకి వెళ్లినవాళ్లు పాత గనిలోకి దిగి చూడగలరు. నీళ్లు నిండిన కేజీఎఫ్‌లో అలా కుదరదు. అందుకే పైన మిగిలిన షాఫ్ట్ టవర్లు (గని బావి మీద కేజ్ తాడును మోసే ఎత్తైన కట్టడాలు), వైండింగ్ యంత్రాలే ఇక్కడ అసలు ఆస్తి. వాటిని ఊడదీసి ఏ నగర మ్యూజియంలోనో పెడితే సగం కథ పోతుంది. ఉన్నచోటే నిలబెట్టాలి. ఇప్పుడు చూపంతా 3 కోట్ల టన్నులకు పైబడ్డ సైనైడ్ దిబ్బల్లో, అంటే సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన మట్టి గుట్టల్లో, మిగిలిన బంగారం మీదే ఉంది. ఆ పని మొదలయ్యేలోపే యంత్రాల జాబితా రాసి, వాటికి రక్షణ కల్పించాలి. వాటిని నడిపిన పాత కార్మికులనే, వాళ్ల పిల్లలనే జీతమిచ్చి గైడ్లుగా పెట్టుకోవాలి.