చెక్క గీత చూడకుండా స్టెయిన్ డబ్బా మూత తీయొద్దు: పాలిష్ పనిలో అపోహలు, వాస్తవాలు

ప్రొద్దుటూరులో తలుపులకీ మంచాలకీ పాలిష్ పని చేసుకుంటా ఇన్నేళ్ల నుంచి చూస్తాండా, ఇంటోళ్లు ఫోన్లో ఫొటో తీసి అన్నా ఇదే కలర్ రావాల అంటారు గానీ, తమ తలుపు ఏ చెక్కో, దాని గీత, అంటే చెక్కలో పుట్టుకతో ఉండే నారల వరస, ఎట్ల పోతాందో చూసేవాళ్లు చానా తక్కువ. కలర్ ఎట్ల తేలాల అనేది చానావరకు ఆ గీతే తేలుస్తాది.

అపోహ: డార్క్ స్టెయిన్ కొడితే చెక్కలో లోపాలన్నీ కవర్ అయిపోతాయి.

ఇది పూర్తిగా తప్పు. స్టెయిన్ అంటే చెక్కకి రంగెక్కించే పల్చని ద్రవం, అది పెయింట్ మాదిరి పైన కూర్చోదు, చెక్క లోపలికి దిగుతాది, యాడ గీర పడింటే ఆడ ఎక్కువ పట్టుకుంటాది. ఒక ఇంట్లో సింహద్వారానికి వాల్‌నట్ షేడ్ కొట్టినా, గృహప్రవేశం ఇంక మూడు రోజులే ఉంది. తుడిచి చూస్తే నిలువు పట్టీ, అడ్డ పట్టీ కలిసే ప్రతి మూలలోనూ పిల్లి గోళ్లతో గీకినట్టు నల్లని చారలు. అడ్డ పట్టీ మీద గీత అడ్డంగా పోతాది, నిలువు పట్టీ మీద నిలువుగా పోతాది, మావాడు రుద్దే మిషన్ని అడ్డ పట్టీ మీద నుంచి నేరుగా నిలువు పట్టీ మీదికి లాగేసినాడు, స్టెయిన్ కొట్టకముందు ఉత్త చెక్క మీద ఆ గీరలు కంటికి ఆనలేదు. అంతా గీకి మళ్లీ చేసినాం, రెండు రాత్రులు నిద్ర లేదు. అప్పట్నుంచి అడ్డ పట్టీలు ముందు, నిలువు పట్టీలు ఆఖర్న, అదీ చేత్తో, గీత వెంబడే.

అపోహ: చెక్క ఒకటే, డబ్బా ఒకటే, అట్లయితే కలర్ గూడా అంతటా ఒకటే రావాల.

జొన్న సొప్పకట్టని పక్క నుంచి తడిపితే నీళ్లు జారిపోతాయి, అదే మొదళ్లు నీళ్లలో పెట్టి నిలబెడితే లోపలికి పీల్చుకుంటాది. చెక్క గూడా అట్లాంటి సన్నని గొట్టాల కట్టే. అందుకే అడ్డంగా కోసిన అంచులు స్టెయిన్ ఎక్కువ తాగి నల్లబడతాయి. పలకని 150 నంబరు గరుకు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ నునుపు) రుద్ది ఆపితే ఈ అంచుల్ని 220 దాకా నున్నగా రుద్దాల, లేదంటే ముందుగా పల్చని సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే పూత, పూయాల. ఇంగ చేవ (దుంగ నడిమి ముదురు చెక్క) పక్కనే తెల్ల చెక్క వచ్చింటే రెండింటికీ ఒక్క చేత్తో పూసినా షేడ్ కలవదు, తెల్లభాగానికి విడిగా టచింగ్ చేసుకోవాల్సిందే.

అపోహ: కొండల మాదిరి గీతలుంటేనే ఒరిజినల్ టేకు, తిన్నని గీతలుంటే డూప్లికేట్.

సామిల్లులో నిలబడి దుంగ కోసేది ఒక్కసారి చూస్తే ఈ మాట మళ్లీ అనరు. ఒకే దుంగలో పక్కవాటం కోత పడిన పలకకి కొండ గీతలొస్తాయి, నడిమధ్య నుంచి కోసిన పలకకి తిన్నని గీతలొస్తాయి. తిన్నని గీత పలక ఇంకా నిలకడ. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులో కదులుతాది, కొండ గీత పలక అయితే సుమారు రెట్టింపు కదులుతాది. మా కడప బండ ఎంత ఎండకైనా ఉండేచోటే ఉంటాది, చెక్క అట్ల కాదు, నలభై రెండు డిగ్రీల ఎండలో సరిగా ఆరని పలక బెరడు వైపు గుంట పడి వంగుతాది. పచ్చి చెక్కకి పాలిష్ వేయమని తొందర పెడితే నేను ఒప్పుకోను.

అపోహ: ఎంత నున్నగా రుద్దితే కలర్ అంత బాగా వస్తాది.

టాప్ కోటు, అంటే పైన వేసే ఆఖరి పూత, నున్నగా ఉండాల, అది నిజం. స్టెయిన్‌కి ముందు పలక మీద 150, 180 దాకా చాలు, అంతకు మించి రుద్దితే రంధ్రాలు మూసుకుపోయి షేడ్ ఎక్కదు.

టేకులో నూనె ఉంటాది, థిన్నర్ గుడ్డతో తుడిచి సీలర్ వేస్తే పట్టు బాగుంటాది. కొత్తగా చిత్రిక పట్టిన టేకులో పచ్చ, నలుపు చారలు చూసి భయపడొద్దు, కొన్నాళ్లు వెలుతురు తగిలితే చానావరకు కలిసిపోతాయి. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కతో జాగ్రత్త, అందులో లేత గీతలే ఎక్కువ తాగి నల్లబడతాయి, ఫొటో నెగిటివ్ చూసినట్టుంటాది.

ఇంకోటి మా జిల్లాలో అడిగేది, ఎర్రచందనం లుక్ రావాలని. ఎరుపు తెప్పించొచ్చు. శేషాచలం, పాలకొండల్లో పెరిగే ఆ చెట్టులో అలల గీతకి ఎక్కువ రేటు పలుకుతాది, ఆ అల చెట్టు పెరిగేటప్పుడే వస్తాది, బ్రష్‌తో వచ్చేది కాదు.

తలుపు చేసేటప్పుడు మిగిలిన ముక్కని పొయ్యిలో పెట్టొద్దని ఆచారికి ముందే చెప్పండి. పలక మీద థిన్నర్ గుడ్డ ఒక్కసారి లాగితే గీత, జిగురు మరక, గీర అన్నీ బయటపడతాయి. తర్వాత ఆ మిగిలిన ముక్క మీద స్టెయిన్, సీలర్, టాప్ కోటు మూడూ వేసి, పగలు వాకిట్లో, రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూడండి. మీకు నచ్చినాకే నేను తలుపు మీద బ్రష్ పెడతా.