నరం తీయకుండా పుచ్చుపన్నుకు చికిత్స: అపోహలు - వాస్తవాలు

పుచ్చు లోతుకు వెళ్లిందంటే రూట్ కెనాల్ (నరాన్ని మొత్తం తీసి వేరు దారులను మూసే చికిత్స) తప్పదని కర్నూలులో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంటి దగ్గరే ఖాయం చేసుకుని వస్తారు. కొందరైతే పీకించుకోవడానికే సిద్ధపడి వస్తారు. నరాన్ని, అంటే పంటి నడిమి గదిలోని మెత్తటి కణజాలాన్ని, మొత్తంగానో, కొంతగానో బతికించుకునే చికిత్సలు ఇప్పుడు బాగా నిలదొక్కుకున్నాయి. అవి అన్ని పళ్లకూ పనికిరావు. మీ పన్నుకు పనికొస్తాయో లేదో తేలాలంటే ముందు కొన్ని నమ్మకాలను వదిలించుకోవాలి.

అపోహ: పంటిలో పురుగు ఉంటుంది, పొగ పెడితే రాలిపోతుంది.

వాకుడు గింజల పొగ పట్టించుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ పొగకు రాలేది పురుగు కాదు, వేడికి గింజలోంచి విడివడిన మొలక. పంటిని తినేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు వదిలే ఆమ్లం. మనం తిన్న చక్కెర, బెల్లం, పిండిపదార్థాలే వాటికి మేత. ఈ మేత సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

అపోహ: పుచ్చును చివరి చుక్క వరకు తవ్వి తీయాలి. కొంచెం మిగిలినా మళ్లీ పాకుతుంది.

ఇది రోగుల అపోహ మాత్రమే కాదు. చాలాకాలం కళాశాలల్లో మాకు నేర్పిన పాఠమూ ఇదే. లోతైన పుచ్చులో అడుగు దాకా గట్టి పన్ను తగిలే వరకు తవ్వితే చాలాసార్లు నరం బయటపడేది. అప్పుడు రూట్ కెనాల్ చేయక తప్పేది కాదు. అంటే నరానికి జరిగిన నష్టంలో కొంత పుచ్చు వల్ల కాదు, మా డ్రిల్లు వల్లే.

ఇప్పుడు చేసేది వేరు. పుచ్చు అంచులను చుట్టూరా పూర్తిగా శుభ్రం చేసి, గట్టి పన్ను వచ్చేవరకు తీస్తాం. అక్కడ మొహమాటం ఉండదు. నరానికి పైకప్పులా ఉన్న అడుగు భాగంలో మాత్రం తడిగా, మెత్తగా ఉన్నదాన్ని చిన్న చెంచాలాంటి పరికరంతో నెమ్మదిగా పొరలు పొరలుగా తీసి, తోలులా సాగే పొర దగ్గర ఆపేస్తాం. దాని మీద మందు పూత, పైన గాలి చొరని ఫిల్లింగ్. లోపల చిక్కుకున్న సూక్ష్మజీవులకు మేత అందదు. చాలావరకు చచ్చిపోతాయి, మిగిలినవి చేవ చచ్చి పడి ఉంటాయి. మిగిల్చిన పొర నెలలు గడిచేకొద్దీ ఆరి గట్టిపడుతుంది. నరం వైపు నుంచి కొత్త దంతపు పొర కూడా పేరుకుంటుంది. పంటి నడిమి గదిలోని మెత్తటి కణజాలంలో నొప్పి తెలిపే తీగలతో పాటు రక్తనాళాలూ, పంటి గోడను లోపలి నుంచి కట్టే కణాలూ ఉన్నాయి మరి.

ఐరోపా ఎండోడాంటిక్ సంఘం (పంటి నరానికి చికిత్స చేసే వైద్యుల సంఘం) 2019లో ప్రకటించిన విధానపత్రం కూడా లోతైన పుచ్చుకు ఇలా ఎంచి తీసే పద్ధతినే సిఫారసు చేసింది. మొదట కొంత తీసి, ఆరు నెలలో సంవత్సరమో ఆగి, మళ్లీ తెరిచి మిగతాది తీసే రెండు విడతల పద్ధతీ ఉంది. నా మొగ్గు ఒకే విడతకు. రెండోసారి తెరిచినప్పుడు నరం బయటపడే ప్రమాదం మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఆలూరు, పత్తికొండ నుంచి బస్సులో వచ్చిన మనిషి రెండో విడతకు వస్తారన్న భరోసా లేదు. తాత్కాలిక ఫిల్లింగ్‌తో సంవత్సరాలు గడిపేసినవాళ్లను చూశాను.

అపోహ: నరం బయటపడిందంటే దాని కథ ముగిసినట్టే.

1965లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగం దంతవైద్యులందరికీ తెలుసు. ఎలుకల దవడపళ్లకు రంధ్రం చేసి నరాన్ని బయటపెట్టి, మూయకుండా వదిలేశారు. మామూలు ఎలుకల్లో నరం కుళ్లిపోయింది. సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో, ఆహారం ఆ రంధ్రంలో ఇరుక్కున్నా, నరం బతికి తన మీద తానే దంతపు వంతెన కట్టుకుంది. నరాన్ని చంపేది రంధ్రం కాదు, దానిలోంచి చొరబడే సూక్ష్మజీవులు. అందుకే ఈ చికిత్సలో మందు ఎంత ముఖ్యమో పంటి చుట్టూ బిగించే రబ్బరు తెర అంత ముఖ్యం. ఉమ్మి ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్లకూడదు. ఆ తెర వేస్తే ఊపిరాడదని విసుక్కునేవాళ్లున్నారు. ముక్కుతో పీల్చుకోండి, తెర మాత్రం వేయించుకోండి.

ఇక దగ్గరగా చూస్తే జరిగేది ఇది. నరం బయటపడిన చోట మొదట నెత్తురు రంగు చూస్తాను. సూక్ష్మజీవులను చంపే హైపోక్లోరైట్ ద్రావణంలో తడిపిన చిన్న దూది ఉండను దాని మీద ఆనించి, గడియారం చూస్తూ ఆగుతాను. ఐదు నుంచి పది నిమిషాల్లో నెత్తురు కట్టుకుంటే లోపలి కణజాలం కోలుకునే స్థితిలో ఉందని నమ్మవచ్చు. ఆగకపోతే పైనున్న రెండు మూడు మిల్లీమీటర్ల వాచిన భాగం తీసి మళ్లీ ఆగుతాను. అప్పటికీ ఆగకపోతే గదిలోని భాగమంతా తీసి, వేర్లలోని నరాన్ని మాత్రం ఉంచుతాను. వేర్ల దగ్గర కూడా నెత్తురు ఆగకపోయినా, అసలు నెత్తురే లేక చీము కనిపించినా రూట్ కెనాల్‌కు వెళ్లాల్సిందే. అందుకే కుర్చీలో కూర్చోకముందే ‘ఏ చికిత్స చేస్తారు?’ అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను.

పైన వేసే మందు గురించి ఒక చిన్న ముచ్చట. వందేళ్ల కిందట జర్మనీలో మొదలైన కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే తాంబూలంలో వాడే సున్నంలోని పదార్థమే. 1990లలో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎంటీఏ అనే మందు, ఎర్రగుంట్లలో తయారయ్యే పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టం. శుద్ధి, మిశ్రమం వేరు కాబట్టి ఇంట్లో సున్నం పెట్టి చూడకండి, నోరు కాలుతుంది. ఎంటీఏ గట్టిపడడానికి గంటలు పడుతుంది, పన్ను రంగు మారవచ్చు. అందుకే ముందుపళ్లకు, ఒకే పూటలో ముగించాల్సిన పనికి త్వరగా గట్టిపడే కొత్తరకం కాల్షియం సిలికేట్ వాడతాను.

అపోహ: నొప్పి ఉంటే నరం పోయినట్టు, నొప్పి లేకపోతే పన్ను బాగున్నట్టు.

నిజం తరచూ దీనికి తలకిందులుగా ఉంటుంది. చచ్చిన నరానికి నొప్పి తెలియదు. నెల రోజులు బాధపెట్టి దానంతట అదే ఆగిన పంటిని చూసి లవంగనూనె పనిచేసిందని సంతోషిస్తారు. ఎక్స్‌రే తీస్తే వేరు కొసన నల్లటి నీడ కనిపిస్తుంది. అందుకే చల్లటి దూది ఆనించి చూస్తాం. చలికి జివ్వుమని, తీయగానే తగ్గిపోతే నరం కుదురుగానే ఉంది. తీశాక కూడా నిమిషాల తరబడి లాగితే, రాత్రి పడుకోగానే దానంతట అదే నొప్పి లేస్తే వాపు ముదిరింది. ఒకప్పుడు ఈ రెండో రకానికి రూట్ కెనాల్ ఒక్కటే దారి. అమెరికా ఎండోడాంటిస్టుల సంఘం 2021 ప్రకటన తర్వాత, అలాంటి పళ్లలో కూడా నరాన్ని కంటితో చూశాకే నిర్ణయించే పద్ధతి బలపడింది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ ఈ నొప్పికి పనిచేయదు. ముఖం వాచి జ్వరం వస్తే సంగతి వేరు, అప్పుడు ఆలస్యం చేయకండి.

అపోహ: పిల్లల పళ్లు ఎలాగూ ఊడిపోయేవే.

ఆరేళ్లకు పాలపళ్ల వెనుక వచ్చే పెద్ద దవడపన్ను ఊడేది కాదు, జీవితాంతం ఉండాల్సింది. తల్లిదండ్రులు పాలపన్ను అనుకుని వదిలేసేది ఎక్కువగా దీన్నే. వచ్చాక దాని వేర్లు పూర్తవడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. ఆ లోపు నరం చస్తే వేరు గోడలు పలచగానే ఆగిపోతాయి, పన్ను బలహీనమవుతుంది. నరాన్ని కాపాడటం అన్నిటికంటే విలువైనది ఈ వయసులోనే. పాలపళ్ల సంగతికొస్తే, వెనుక దవడపాలపన్ను పది పన్నెండేళ్ల దాకా ఉండి పెద్దపన్నుకు చోటు కాపాడుతుంది.

అపోహ: గోధుమరంగు మచ్చలన్నీ పుచ్చే.

కావు. అనంతపురం, కడప వైపు ఎన్నో పల్లెల్లో బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని పళ్లు ఏర్పడే వయసులో ఏళ్ల తరబడి తాగితే ఇలాంటి మచ్చలు వస్తాయి. అవి పుచ్చు కావు, వాటిని తవ్వించుకోకండి. తీవ్రంగా ఉంటే గుంటలు పడి వాటిలో పుచ్చు రావచ్చు, అది చూపించుకోవాల్సిందే. పెద్దలు ఫ్లోరైడ్ పేస్టు మానేయనక్కరలేదు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మింగకుండా దగ్గరుండి ఉమ్మించాలి.

అపోహ: నరం కాపాడితే ఇక చూపించుకోనక్కరలేదు.

ఇది పదికి పది గెలిచే చికిత్స కాదు. ఫిల్లింగ్ అంచు ఊడి ఉమ్మి లోపలికి చేరితే ఓడిపోతుంది. అరుదుగా వేరు దారులు సన్నబడి, తర్వాత రూట్ కెనాల్ అవసరమైతే కష్టమవుతుంది. ఇవన్నీ ముందే చెప్పని డాక్టరును మీరే అడగండి: రబ్బరు తెర వేస్తారా, చలి పరీక్ష చేశారా, పైన శాశ్వత ఫిల్లింగ్ ఎప్పుడు వేస్తారు? కడపలో ప్రభుత్వ దంత కళాశాల, కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత కళాశాల ఉన్నాయి. అక్కడ పళ్ల సంరక్షణ విభాగంలో (కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్) రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

చికిత్సయ్యాక మత్తు దిగేదాకా ఏమీ నమలకండి, బుగ్గ కొరుక్కుంటారు. ఆ సాయంత్రం ఉగ్గాని తినొచ్చు. వేయించిన వేరుశనగలు మాత్రం వారం రోజులు ఇంకో పక్కన నమలండి. కొన్నాళ్లు చలికి కొంచెం జివ్వుమనడం మామూలే. నొప్పితో రాత్రి నిద్ర లేస్తే, చిగురు మీద పొక్కు లేస్తే వెంటనే రండి. ఏ బాధా లేకపోయినా ఆరు నెలలకు, సంవత్సరానికి ఎక్స్‌రే తీయించుకోవాలి. అంత దూరం నుంచి ఇక్కడికే రానక్కరలేదు, దగ్గరి ఊళ్లో తీయించుకున్నా సరే. మొదటి ఎక్స్‌రే ఫోటో ఫోనులో ఉంచుకుని అక్కడి డాక్టరుకు చూపించండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే వేరు కొసన మార్పు తెలుస్తుంది.