విశ్వవిద్యాలయం గేటు దాటిన డాక్టరేట్లు

పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష, వైవా, పూర్తయిన రోజున ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'మరి లెక్చరర్ ఉద్యోగం ఎప్పుడు?' అని. డాక్టరేట్ అంటే పాఠం చెప్పే కొలువే అన్న లెక్క మన ఇళ్లలో అంతగా స్థిరపడింది. కంపెనీలోనో, పేటెంట్ల పనిలోనో చేరినవారి గురించి 'అంత చదువూ చదివి చివరికి ప్రైవేటులో చేరాడు' అని జాలిపడతారు. ఆ జాలికి చరిత్రలో ఆధారం లేదు.

భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాలోని హార్వర్డ్ చేరారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. కండరాలకు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. 1930లో పీహెచ్‌డీ పొందారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత అధ్యాపక పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డీఈసీ, అన్నీ ఆయన ఆధ్వర్యంలో అక్కడ సాగిన పనులే. బోదకాలు పీడించిన గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనిషి పరిశోధన, మాత్రగా మారి మళ్లీ ఆ జిల్లాల గడపలకే చేరింది. దీన్ని దారి తప్పిన జీవితం అని ఎవరనగలరు?

సుబ్బారావు ఒంటరిగా వెళ్లారు. ఆయన తర్వాతివారికి దారి హైదరాబాదులో పడింది. దాన్ని వేసింది ప్రభుత్వ నిర్ణయాలు. ఈ సంగతిని మనం తరచూ మరిచిపోయి, అంతా కొందరు సాహసికుల గొప్పగా చెప్పుకుంటాం. నిజాం కాలంలో, 1944లో, ఇక్కడ మొదలైన పరిశోధనశాల 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. ఇప్పుడు దాని పేరు ఐఐసీటీ, అంటే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చింది. పాఠం చెప్పనవసరం లేకుండా రసాయనశాస్త్రంతోనే బతికే కొలువులు ఒకే నగరంలో ఇన్ని ఏర్పడటం తెలుగువారికి కొత్త.

అసలు మలుపు 1970 నాటి పేటెంట్ల చట్టం. 1972లో అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం అప్పట్లో మందుకు పేటెంట్ ఉండేది కాదు, తయారుచేసే ప్రక్రియకే ఉండేది. అదే అణువును వేరే మెట్ల మీదుగా తయారుచేయగలిగితే ఆ మందును మన దేశంలో అమ్ముకునే వీలుండేది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో థీసిస్ రాసినవారిలో చాలామంది నాలుగైదేళ్లు చేసేది సరిగ్గా ఈ పనే: ఒక అణువుకు కొత్త దారి వెతకడం. ప్రయోగశాల బెంచీ దగ్గర నేర్చిన విద్య ఒక్క చట్టంతో పరిశ్రమకు ప్రాణవాయువైంది.

పుణెలోని జాతీయ రసాయన పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేసిన కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి, బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ స్థాపించారు. పేరులోని ఆ 'డాక్టర్' వైద్యుడిది కాదు, పరిశోధకుడిది. అదే పుణె పరిశోధనశాల నుంచి వచ్చిన ఎ.వి. రామారావు ఐఐసీటీ సంచాలకుడిగా ఉంటూ ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చవకగా తయారుచేసే ప్రక్రియను మందుల కంపెనీ సిప్లాకు అందించారు. పదవీ విరమణ తర్వాత 1995లో అవ్రా ల్యాబొరేటరీస్ మొదలుపెట్టారు. విస్కాన్సిన్‌లో డాక్టరేట్ చేసిన కృష్ణ ఎల్ల 1996లో టీకాల కంపెనీ భారత్ బయోటెక్ స్థాపించారు.

చట్టం మారి, 2005 జనవరి 1 నుంచి మందుల మీద కూడా పేటెంట్లు వచ్చాయి. పాత పద్ధతికి తలుపు మూసుకుపోతుందని భయపడ్డారు. మూసుకుపోలేదు, పని స్వభావం మారింది. విదేశీ కంపెనీల కోసం కాంట్రాక్టు మీద పరిశోధన, పేటెంట్ దరఖాస్తుల తయారీ, క్లినికల్ పరీక్షల సమాచార విశ్లేషణ, ఔషధ నియంత్రణ సంస్థలకు సమర్పించే పత్రాల రచన, ఇవన్నీ డాక్టరేట్లు చేసే పనులయ్యాయి.

ఇదే కాలంలో విశ్వవిద్యాలయంలో ఏం జరిగింది? దేశంలో పీహెచ్‌డీలో నమోదైనవారు 2014-15లో 1.17 లక్షలు, 2021-22లో 2.12 లక్షలు. శాశ్వత అధ్యాపక పోస్టులు ఆ లెక్కన పెరగలేదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి భర్తీ కాని ఖాళీల బరువును కాంట్రాక్టు, పార్ట్ టైమ్ అధ్యాపకులు మోస్తున్నారు. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అని విశ్వవిద్యాలయాల నియమాలు నిర్ణయించే యూజీసీ 2018లో చెప్పింది. అమలును వాయిదా వేసి, 2023లో ఆ నిబంధనను తొలగించి నెట్, సెట్, స్లెట్ వంటి అర్హత పరీక్షల్లో ఏదో ఒకటి చాలునంది. పాత నిబంధనను నమ్ముకుని చేరినవారికి ఇది చిన్న దెబ్బ కాదు.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. పైన చెప్పిన దారి రసాయన, జీవశాస్త్రాలవారిది. తెలుగులో, చరిత్రలో, భాషాశాస్త్రంలో డాక్టరేట్ చేసినవారికి అంత వెడల్పాటి దారి ఎవరూ వేయలేదు. వేయాలని చూసిన సందర్భాలు లేకపోలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తయారుచేసింది. ఆ మరుసటి ఏడాది మైసూరులో భారతీయ భాషల కేంద్రీయ సంస్థ వచ్చింది. భాషా పాండిత్యానికి తరగతి గది బయట కూడా జీతం ఉంటుందని ఆ రెండూ చూపించాయి. రాష్ట్ర విభజనతో అకాడమి కూడా రెండు ముక్కలైంది.

ఇప్పుడు హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో యంత్రానువాదం మీద, భారతీయ భాషల కంప్యూటర్ ప్రక్రియల మీద పని జరుగుతోంది. అక్కడ తెలుగు వాక్యాన్ని విడదీసి, సంధి ఎక్కడ, విభక్తి ఏది అని గుర్తులు పెట్టేవాళ్లు కావాలి. తెలుగు శాఖలో వ్యాకరణం మీద థీసిస్ రాసిన విద్యార్థికి వచ్చిన విద్య అదే. ఆ పనికి తన అవసరం ఉందని ఆ విద్యార్థికి ఎవరు చెబుతారు? గైడుకు తెలిసింది అధ్యాపక నోటిఫికేషన్ ఒక్కటే. ప్లేస్‌మెంట్ విభాగాలు చాలావరకు ఇంజినీరింగ్, ఎంబీఏ విద్యార్థుల కోసమే నడుస్తాయి. ఈలోగా ఫెలోషిప్ గడువు అయిపోతుంది, హాస్టల్ గది ఖాళీ చేయాల్సి వస్తుంది.