ల్యాప్ ల్యాప్‌కీ కూలే రోడ్డు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మారియో కార్ట్ అనే బండ్ల పందెం వీడియో ఆటలో అగ్నిపర్వతం మీదున్న గ్రంబుల్ వాల్కనో ట్రాక్ వస్తే మొదటి ల్యాప్‌లో ముందుంటున్నామనీ, మూడో ల్యాప్‌కి వచ్చేసరికి లావాలో పడుతున్నామనీ రాశారు. మీకు నడపడం రాక కాదు. మొదటి ల్యాప్‌లో ఆ ట్రాక్ మీకు నేర్పిన దారిని అదే మెల్లగా లాగేసుకుంటుంది. ల్యాప్ మారేకొద్దీ రోడ్డు ముక్కలు విరిగి లావాలోకి జారిపోతాయి. మీ చేతులేమో పాత రోడ్డునే గుర్తుపెట్టుకుని తిప్పుతాయి.

ఇది 2008లో నింటెండో వాళ్ల వీ యంత్రం మీద ఆడే మారియో కార్ట్ వీ ఆటలో, స్టార్ కప్‌కి (నాలుగు పందాల వరుసని కప్ అంటారు) ఆఖరి ట్రాక్‌గా వచ్చింది. 2014లో మారియో కార్ట్ 8లోకి, 2017లో నింటెండో స్విచ్ యంత్రం మీద వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్‌లోకి చేరింది. అక్కడ లైట్నింగ్ కప్‌లో మూడోది, దీని వెనకాలే రెయిన్‌బో రోడ్. మీరు ఆడేది డీలక్స్ కాబట్టి బటన్ల పేర్లు దాని ప్రకారమే రాస్తున్నాను.

ముందు పడితే ఎంత నష్టమో చూడండి. లకీటు అనే ఆటలోని పాత్ర మేఘం మీద వచ్చి మిమ్మల్ని పైకి తీసి రోడ్డు మీద వదులుతాడు. అక్కడినుంచి మళ్లీ సున్నా వేగంతో మొదలు. దానికి తోడు 3 నాణేలు పోతాయి. ఒక్కో నాణెం మీ గరిష్ఠ వేగాన్ని కాస్త పెంచుతుంది, 10 దాకా లెక్క. అంటే పడ్డ తర్వాత కూడా కాసేపు నెమ్మదిగానే పోతారు. ఒక మలుపుని కొంచెం వెడల్పుగా తిరిగితే పోయేది ఇందులో చిన్న వంతు. కాబట్టి రోడ్డు నిండుగా ఉన్న మొదటి ల్యాప్‌లోనే 10 నాణేలూ పోగేసుకోండి. అంచులో ఉన్న నాణెం కోసం మూడో ల్యాప్‌లో పాకులాడొద్దు.

ఇక అసలు సంగతి, డ్రిఫ్ట్, అంటే మలుపులో బండిని పక్కకి జార్చుతూ తిప్పడం. ఆర్ బటన్ నొక్కి పట్టుకుని తిప్పితే చక్రాల కింద మొదట నీలం, తర్వాత నారింజ, ఇంకా పట్టుకుంటే గులాబీ రంగు రవ్వలు వస్తాయి. వదలగానే కార్ట్ ముందుకు దూకుతుంది. ఎటు దూకుతుంది? ముక్కు ఎటుంటే అటు. మీరు పడుతున్నది చాలావరకు ఇక్కడే అయ్యుంటుంది. గులాబీ వచ్చేదాకా ఆగుతారు, ఈలోగా ముక్కు లావా వైపు తిరిగిపోతుంది, అప్పుడు వదులుతారు. ఈ ట్రాక్‌లో నారింజ చాలు. విరిగిన అంచు పక్కనైతే నీలంతోనే వదిలేయండి. రంగు కంటే, వదిలే క్షణంలో ముక్కు రోడ్డు మధ్యకి ఉందా లేదా అన్నదే చూడాలి.

బండిని బట్టి కూడా తేడా ఉంటుంది. స్పోర్ట్ బైక్, జెట్ బైక్ లాంటివి డ్రిఫ్ట్‌లో మలుపు లోపలికి బాగా కోసుకుపోతాయి. లోపలి అంచు ఉన్నంతవరకూ అది లాభమే, అంచు ఊడిపోయాక అదే మిమ్మల్ని ముంచుతుంది. వాటితో వెళ్తే ప్రతి ల్యాప్‌కీ ఒక బండి వెడల్పు బయటినుంచి మలుపు మొదలుపెట్టండి. తేలిక పాత్రల్ని బరువైనవాళ్లు ఢీకొట్టి పక్కకు నెట్టేస్తారు. బౌజర్ లాంటి బరువైన పాత్ర మీ పక్కకి వస్తే పోటీకి పోకుండా కాస్త వెనక్కి తగ్గండి. తేలికవాళ్లకి ఒక సౌకర్యం మాత్రం ఉంది, పడి లేచాక త్వరగా వేగం అందుకుంటారు.

కాసేపు వేగం పెంచే మష్రూమ్ చేతిలో ఉంటే తిన్నని రోడ్డు దాకా దాచుకోండి. అరటి తొక్కని ఎల్ నొక్కి పట్టుకుని వెనక ఉంచుకుంటే వెనకవాళ్లు మీ మీదికి విసిరే రెడ్ షెల్ (వెంటాడి కొట్టే ఎర్ర తాబేటి చిప్ప) దానికే తగులుతుంది. అన్నిటికంటే వేగమైన 200 సీసీ స్థాయిలో అయితే డ్రిఫ్ట్ చేస్తూనే బ్రేకు బటన్ బి తట్టండి. డ్రిఫ్ట్ పోదు, వేగం తగ్గుతుంది. అది రాకుండా 200లో ఈ ట్రాక్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మీలో చిన్నదానికి, బండిని రోడ్డు మీదే ఉంచే స్మార్ట్ స్టీరింగ్ పెట్టండి. బండి ఎంచుకునే చోట ప్లస్ నొక్కితే కనిపిస్తుంది. బండి వెనక చిన్న యాంటెన్నా వస్తే ఆన్‌లో ఉన్నట్టు. అంచు దగ్గరికి పోతే అదే లోపలికి లాగుతుంది. గులాబీ రవ్వలు మాత్రం రావు. పెద్దవాళ్లు మాత్రం దాన్ని తీసేసే ఆడాలి.

పాత వీ ఆటలో ఈ ట్రాక్‌కి ఇంకో పేరు కూడా ఉంది, రికార్డులు వేటాడేవాళ్ల స్వర్గం. ఆట మీ ల్యాప్‌ని లెక్కపెట్టేది రోడ్డంతా చూసి కాదు. ట్రాక్‌ని కనిపించని గీతలతో ముక్కలు చేసి, వాటిలో ముఖ్యమైనవి దాటారా అని మాత్రమే చూస్తుంది. రోడ్డు పక్కన లావాలో ఉన్న ఒక చిన్న రాయి మీదికి ఎగిరి దిగగలిగితే ఆ లెక్క తప్పి, ల్యాప్‌లో చాలా భాగం తిరగకుండానే పూర్తయినట్టు నమోదవుతుంది. ఆ రాయి మీద నిలబడటమే మహా కష్టం.

నిజం లావా ఇలా ఉంటుందా అని అడిగారు. బసాల్ట్ లావా వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. దాని పక్కన రబ్బరు టైరు నిలవదు, మనిషీ నిలవడు. అది నీళ్లకంటే రెండున్నర రెట్లకు పైగా బరువైనది కాబట్టి మనిషి పడినా ఆటలోలా బుడుంగున మునగడు, పైనే కాలిపోతాడు. చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. రాజమండ్రి చుట్టుపక్కల కాతేరు, పంగిడి దగ్గరున్న నల్లరాయి సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావాయే. ఆ లావా పొరల మధ్య సున్నపురాయిలో గవ్వలు, నత్తల శిలాజాలు దొరుకుతాయి. సెలవుల్లో వస్తే చూపిస్తాను.

ఇప్పుడు చేయాల్సింది ఇది. టైమ్ ట్రయల్స్‌లో, అంటే ఒంటరిగా సమయం కోసం ఆడే పద్ధతిలో, ఈ ట్రాక్ పెట్టుకోండి. పక్కన ఎవరూ ఉండరు, మూడు మష్రూమ్‌లు ఇస్తారు. మొదటిసారి గెలవాలని కాకుండా, నెమ్మదిగా, రోడ్డు ఎక్కడ ఊడిందో చూడటానికే మూడు ల్యాప్‌లూ తిరగండి. ఆ తర్వాత కూడా పడితే ఏ ల్యాప్‌లో, ఏ మలుపులో, అప్పుడు రవ్వలు ఏ రంగులో ఉన్నాయో రాసి పంపండి.

ఇట్లు,
మీ పెద్దనాన్న